ప్రవేశ పరీక్షల త్రాసు: సాధించిన మార్కులు, సరిచేసిన మార్కులు

వేసవిలో ఒక రాత్రి ఇషా నమాజు ముగిసి జనం వెళ్ళిపోయిన తరువాత మస్జిదు వసారాలో ఒక రైతు సోదరుడు నా కోసం ఆగి ఉన్నారు. ఆయనకు ఎకరం సొంత పొలం, నాలుగెకరాల కౌలు. మిరప, పత్తి వేస్తారు. చాలా ఏళ్ళుగా ఎరిగినవారే కాని, ఆ రాత్రి మాట మొదలుపెట్టడానికి తడబడ్డారు. చివరికి అడిగారు: "హజ్రత్, ఒక మస్‌అలా ఉన్నది. మజ్‌బూరీలో వడ్డీకి అప్పు తీసుకోవచ్చునా?"

మజ్‌బూరీ ఏమిటని అడిగాను. కూతురి చదువన్నారు. ఆ అమ్మాయి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష రాసింది. సమాధానాల కీ వెలువడగానే తన జవాబులను సరిచూసుకొని 160కి 92 వచ్చాయని లెక్కపెట్టుకున్నది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఫలితాలు వచ్చేసరికి ర్యాంకు కార్డులో 86 చిల్లర ఉన్నది. "మా బిడ్డకు ఐదారు మార్కులు కోసేశారు హజ్రత్. పక్క వీధి కుర్రాడికి లెక్క ప్రకారం 80 వస్తే, కార్డులో 86 వేశారు. ఇదేం న్యాయం?" అన్నారు. ఇక కన్వీనర్ కోటాలో సీటు రాదనీ, మేనేజ్‌మెంట్ సీటు కొనుక్కోవలసిందేననీ ఎవరో ఆయనకు నూరిపోశారు. మిర్చి కమీషన్ వ్యాపారి ఒకరు రాబోయే పంట మీద వడ్డీకి డబ్బు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. తెల్లవారితే కాగితం రాసుకోవాలి.

ఒక విషయం స్వరూపమేమిటో తెలియకుండా దాని మీద తీర్పు చెప్పరాదని మా ఉస్తాదులు మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పారు. మజ్‌బూరీ ఉన్నదా లేదా అని తేల్చాలంటే ముందు ఆ 92 ఎందుకు 86 అయిందో తెలియాలి. నాకు తెలియదు. ఆ సంగతే ఆయనతో చెప్పి, కాగితం రాయడం రెండు రోజులు ఆపమని కోరాను. మా మద్రసాలో సాయంత్రాలు గణితం చెప్పే యువ ఉపాధ్యాయుణ్ణి పట్టుకొని కూర్చున్నాను. ఆ రెండు రోజులలో నేను నేర్చుకున్నదీ, ఆ తరువాత ఆలోచించినదీ ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ప్రతి వేసవిలో మన ఇళ్ళలో ఎన్నో చోట్ల ఇదే ప్రశ్న లేస్తున్నది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ 1986లో మొదలైంది. చాలా కాలం అది కాగితం పరీక్ష. ఇంజనీరింగ్ అభ్యర్థులందరూ ఒకే రోజు, ఒకే పూట, ఒకే ప్రశ్నపత్రం రాసేవారు. ఎవరికి 92 వచ్చినా అది ఒకే 92. మన రాష్ట్రంలో 2017 నుండి, తెలంగాణలో 2018 నుండి ఈ పరీక్ష కంప్యూటర్ మీదికి మారింది. వైద్యవిద్య నీట్ పరిధిలోకి వెళ్ళిపోయిన తరువాత, 2021లో మన రాష్ట్రం దీని పేరును ఈఏపీసెట్‌గా మార్చింది. ఇంజనీరింగ్‌కూ, వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకూ కలిపి మూడు లక్షలకు పైగా దరఖాస్తులు వస్తున్నాయి. అంతమందిని ఒకే పూట కూర్చోబెట్టడానికి అన్ని కంప్యూటర్లు లేవు. కాబట్టి కొన్ని రోజుల పాటు ఉదయం ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత పరీక్ష జరుగుతుంది. ఒక్కొక్క విడతకు ఒక్కొక్క ప్రశ్నపత్రం. చిక్కంతా ఇక్కడే పుట్టింది. ఎంత జాగ్రత్తగా కూర్చినా రెండు ప్రశ్నపత్రాలు సరిగ్గా ఒకే బరువు తూగవు.

ఈ చిక్కు మద్రసా ఉపాధ్యాయునికి కొత్తది కాదు. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో వార్షిక పరీక్షకు బయటి నుండి ఇద్దరు ముమ్‌తహిన్‌లు వచ్చారు. సర్ఫ్, నహ్వ్ పాఠాలలో మౌఖిక పరీక్ష. తరగతిని రెండు భాగాలు చేసి చెరొకరికి అప్పగించాము. ఒకరు మహా కఠినులు. ఒక క్రియారూపం తప్పితే పది మార్కులు పోయేవి. రెండవవారు దయామయులు. పిల్లవాడు తడబడితే తామే అందించేవారు. ఫలితం చూస్తే తరగతిలో అందరికన్నా చురుకైన కుర్రవానికి 61, సామాన్యంగా చదివే మరొకనికి 78. బహుమతి ఎవరికివ్వాలి? మా పెద్ద ఉస్తాదు ఒక కాగితం తీసుకొని, రెండు భాగాల సగటు మార్కులు విడివిడిగా కట్టారు. తేడా 14 వచ్చింది. కఠినుల వద్ద పరీక్ష ఇచ్చిన ప్రతి పిల్లవానికీ ఏడు కలిపి, రెండవవారి పిల్లలందరికీ ఏడు తీసివేశారు. మార్కులు పోయిన పిల్లల తల్లిదండ్రులు మా మీద అలిగారు. వారి దృష్టిలో మేము కోసేసినవారమే.

ఆ సవరణలో ఒక లోపం ఉన్నదని నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తట్టలేదు. మేము తరగతిని చేరిన వరుసను బట్టి విభజించాము. ముందు చేరినవారిలో హిఫ్జ్ పూర్తి చేసి వచ్చినవారు ఎక్కువ. అంటే రెండు భాగాలూ సమాన ప్రతిభ గలవి కావు. సగటులలోని తేడా కొంత పరీక్షకుని వల్ల, కొంత పిల్లల వల్ల. మేమేమో తేడా అంతా పరీక్షకునిదేనని భావించాము. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు మళ్ళీ దీని అవసరం వస్తుంది.

మన హదీసు శాస్త్రజ్ఞులు కూడా ఇటువంటి సమస్యనే ఎదుర్కొన్నారు. ఉల్లేఖకుల విశ్వసనీయతను తూచే జర్హ్ వ తఅదీల్ శాస్త్రంలో విమర్శకులందరూ ఒకే గీటురాయి కారు. హిజ్రీ 748లో మరణించిన ఇమామ్ జహబీ (రహ్మ) ఈ విమర్శకులను మూడు తరగతులుగా చూశారు. యహ్యా బిన్ మయీన్, అబూ హాతిం రాజీ (రహ్మ) వంటివారు కఠినులు. తిర్మిజీ, హాకిం (రహ్మ) వంటివారు మెతక వైఖరివారు. బుఖారీ, అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) వంటివారు మధ్యస్థులు. కఠినుడైన విమర్శకుడు ఒక వ్యక్తిని నమ్మదగినవాడని అంటే ఆ మాటకు బరువెక్కువ. అదే కఠినుడు ఒకరిని బలహీనుడని అంటే మరొకరు కూడా అలా అన్నారా అని చూడాలి. అంటే మాట ఒక్కటే చాలదు, ఆ మాట ఎవరి త్రాసు నుండి వచ్చిందో కూడా చూడాలన్నమాట. ఆధునికులు నార్మలైజేషన్ అని పిలిచే పనిలోని ప్రాణం ఇదే. దానికి వారు సూత్రం కట్టారు, అంతే.

ఆ సూత్రమేమిటో చూద్దాం. ఈఏపీసెట్‌లో అనుసరించే పద్ధతి మా పెద్ద ఉస్తాదు చేసినట్టు అందరికీ ఒకే అంకె కలపదు. రెండు గుంజలు పాతి, వాటి మధ్య తాడు కట్టినట్టు చేస్తుంది. కింది గుంజ ఎక్కడ పాతాలంటే, ఆ విడతలో రాసినవారందరి మార్కుల సగటు తీసి, దానికి ప్రామాణిక విచలనం కలపాలి. విచలనమంటే మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే అంకె. పై గుంజ ఎక్కడంటే, ఆ విడతలో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న 0.1 శాతం మంది, అంటే వెయ్యికి ఒకరు చొప్పున తీసుకొన్నవారి సగటు మార్కు వద్ద. ఇలాగే అన్ని విడతలవారినీ ఒకే రాశిగా పోసి మరో రెండు గుంజలు పాతుతారు. విడత తాడు మీద విద్యార్థి ఎక్కడ నిలిచాడో చూసి, అదే నిష్పత్తిలో ఉమ్మడి తాడు మీద అతని స్థానం గుర్తిస్తారు. దేశవ్యాప్తంగా జరిగే గేట్ పరీక్షలోనూ ఇదే తరహా సూత్రం ఉన్నది.

నేను వేసుకున్న ఉదాహరణ అంకెలతో ఇది చూడండి. అవి ఏ సంవత్సరపు పరీక్షకూ చెందినవి కావు, లెక్క అర్థం కావడానికి మాత్రమే. ఉదయం విడత ప్రశ్నపత్రం కాస్త సులభంగా వచ్చిందనుకుందాం. ఆ విడత కింది గుంజ 76, పై గుంజ 148. అన్ని విడతల ఉమ్మడి గుంజలు 70, 145. ఉదయం గుంజల మధ్య దూరం 72, ఉమ్మడి దూరం 75. మన అమ్మాయి 92 అనేది ఉదయం కింది గుంజకు 16 పైన ఉన్నది. 72కు 75 చొప్పున సాగదీస్తే ఆ 16 కాస్తా 16.67 అవుతుంది. దానిని ఉమ్మడి కింది గుంజ 70కి కలిపితే 86.67. ఇక మధ్యాహ్నం విడత కష్టంగా వచ్చి, దాని గుంజలు 64, 139 అయ్యాయనుకుందాం. పక్క వీధి కుర్రాడి 80 కింది గుంజకు 16 పైన ఉన్నది. అక్కడి దూరం 75, ఉమ్మడి దూరమూ 75. కనుక 70కి 16 కలిపితే 86.

చూశారా, ఒకరికి 92, మరొకరికి 80. తమ తమ విడతలలో ఇద్దరూ దాదాపు ఒకే ఎత్తున నిలిచారు. అమ్మాయి ఇంకా రవ్వంత పైనే ఉన్నది. ఆమె నుండి ఎవరూ ఏమీ దొంగిలించలేదు. ఆమెకు పడిన ప్రశ్నలు సులభం కావడం వల్ల అదనంగా వచ్చిన మార్కులను మాత్రం లెక్కలో నుండి పక్కకు పెట్టారు.

ఈ సంగతి ఆ రైతు సోదరునికి చెప్పడానికి నాకు పత్తి అక్కరకు వచ్చింది. పత్తిని భారత పత్తి సంస్థ, అంటే మనం సీసీఐ అనే సంస్థ, కొనుగోలు కేంద్రానికి తీసుకుపోతే ముందు తేమ చూస్తారు. 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర. ఆ పైన 12 శాతం వరకు ప్రతి ఒక్క శాతానికీ ధరలో ఒక శాతం తగ్గిస్తారు. 2024-25 సీజనులో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు రూ. 7,521. అదే పత్తి 12 శాతం తేమతో వస్తే సుమారు రూ. 7,220. "కాటా మీద నా పత్తి క్వింటాలే తూగింది, మరి డబ్బు ఎందుకు తగ్గించారు?" అని ఆయన ఎన్నడూ అడగలేదు. తూగినదంతా పత్తి కాదనీ, అందులో కొంత మంచు నీరనీ ఆయనకు తెలుసు. "ఉదయం పేపరులో తేమ ఎక్కువ ఉన్నది భాయ్" అన్నాను. ఆ మాటకు ఆయన మొదటిసారి నవ్వారు.

నవ్విన వెంటనే ఒక మంచి ప్రశ్న కూడా వేశారు. "తేమ యంత్రం నా పత్తిలోనే గుచ్చి చూస్తుంది హజ్రత్. మరి ఇక్కడ నా బిడ్డ పేపరు సులభమో కష్టమో ఎలా గుచ్చి చూశారు?" అని. నిజమే. ఇక్కడ అటువంటి యంత్రం లేదు. అక్కడ రాసినవారందరి మార్కులను బట్టి ప్రశ్నపత్రం బరువును ఊహిస్తారు. ఆ ఊహ ఒక నమ్మకం మీద నిలుస్తుంది. ఉదయం వచ్చిన వేలాది పిల్లల గుంపూ, మధ్యాహ్నం వచ్చిన వేలాది పిల్లల గుంపూ మొత్తం మీద సమాన ప్రతిభ గలవని. మిర్చి యార్డులో వ్యాపారి టిక్కీలో నుండి గుప్పెడు కాయలు తీసి సరుకంతా అంచనా కడతాడు. గుప్పెడు బాగా కలిసిన చోటి నుండి వస్తే అంచనా నిలుస్తుంది. పైన మంచివీ అడుగున తాలు కాయలూ పేర్చి ఉంటే తప్పుతుంది. విద్యార్థికి తన విడతను ఎంచుకునే వీలు లేదు కనుకా, గుంపులు పెద్దవి కనుకా ఈ నమ్మకం చాలా వరకు నిలుస్తుంది. మా మద్రసాలో తప్పింది సరిగ్గా ఇక్కడే. గుంపు చిన్నది, కలగలుపు సరిగా లేదు.

పై గుంజ విషయంలో నాకు ఇంకా పూర్తి తృప్తి కలగలేదని కూడా చెప్పాలి. ఒక విడతలో ఇరవై వేల మంది రాస్తే 0.1 శాతమంటే ఇరవై మంది. ఆ ఇరవై మంది ఎలా రాశారన్న దాని మీద మిగతా వేలాది మంది తాడు పొడవు ఆధారపడుతుంది. మా గణిత ఉపాధ్యాయుడు దీనిని అంగీకరించి, ఏ సూత్రం తెచ్చినా ఎక్కడో ఒకచోట ఇటువంటి కీలు ఉండక తప్పదన్నాడు. సుప్రీంకోర్టు కూడా 2025 మే 30న వైద్యుల పీజీ నీట్ పరీక్షను రెండు విడతలలో కాక ఒకే విడతలో జరపమని ఆదేశించింది. రెండు ప్రశ్నపత్రాలు ఎన్నటికీ ఒకే కష్టం గలవి కాలేవనీ, నార్మలైజేషన్‌ను ఏటేటా మామూలు తంతుగా మార్చరాదనీ కోర్టు అభిప్రాయపడింది. అంతకు ముందు 2024 నవంబరులో ప్రయాగ్‌రాజ్‌లో ఉద్యోగ పరీక్షల అభ్యర్థులు ఇదే విషయమై వీధుల్లోకి వచ్చారు. అక్కడి కమిషన్ ప్రిలిమినరీ పరీక్షను ఒకే రోజుకు మార్చుకున్నది. కాబట్టి ప్రశ్నించడం తప్పేమీ కాదు. సూత్రమేమిటో, సగటులెంతో బయటపెట్టమని కోరడం పౌరుల హక్కు. ముతఫ్ఫిఫీన్ సూరా తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని హెచ్చరిస్తుంది. హజ్రత్ షుఐబ్ (అ) తన మద్‌యన్ జాతిని తూనికల విషయమై పదే పదే నిలదీశారు. త్రాసు పట్టినవానిని ప్రశ్నించడం ఆ సంప్రదాయంలోనిదే. అయితే ఆధారం లేకుండా 'డబ్బు తిని మార్కులు కోశారు' అని నలుగురిలో అనడం వేరు సంగతి. అది దుస్సందేహం, దానికి రేపు జవాబు చెప్పుకోవాలి.

అఖిల భారత స్థాయిలో జేఈఈ మెయిన్ మరో దారి పట్టింది. 2019 జనవరి నుండి అక్కడ పర్సంటైల్ పద్ధతి నడుస్తున్నది. మార్కులు ఎన్ని అని కాక, మీ విడతలో రాసిన ప్రతి వందమందిలో ఎంతమంది మీతో సమానంగానో మీకన్నా కిందనో ఉన్నారని చూస్తారు. లక్ష మంది రాసిన విడతలో మీతో కలిపి 95,000 మంది మీ మార్కు వద్దా దాని కిందా ఉంటే మీకు 95 పర్సంటైల్. ఇది 95 శాతం మార్కులు కాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల మన వారు పెద్ద పొరపాట్లు చేస్తున్నారు. 85 పర్సంటైల్ వచ్చిన పిల్లవాణ్ణి 'డిస్టింక్షన్ వచ్చింది' అని అభినందించి, తీరా ర్యాంకు చూసి తిట్టిన తండ్రిని నేనెరుగుదును. లక్షలాది మంది రాసే పరీక్షలో 85 అంటే ముందు వరుసలో ఇంకా లక్షమందికి పైగా ఉండవచ్చు. పిల్లవాడు ఏ పాపమూ చేయలేదు. తండ్రి అంకెను తప్పు చదివాడు.

మన ఈఏపీసెట్‌లో మరో మెట్టు కూడా ఉన్నది. సరిచేసిన మార్కులను 75 శాతంగానూ, ఇంటర్మీడియట్ గ్రూపు సబ్జెక్టుల మార్కులను 25 శాతంగానూ కలిపి ర్యాంకు నిర్ణయిస్తారు. కోవిడ్ కాలంలో దీనిని ఆపి, 2023లో మన రాష్ట్రంలో తిరిగి తెచ్చారు. తెలంగాణలో మాత్రం తీసివేశారు. ఈ మెట్టు చాలా ఇళ్ళలో పట్టించుకోరు. లెక్క చూడండి: 92 నుండి 86.67కు దిగడం వల్ల కలిపిన స్కోరులో పోయేది 2.5. గ్రూపు మార్కులను 600కు లెక్కించే పద్ధతిలో ఇంటర్‌లో 60 మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే వచ్చేదీ అదే 2.5. మన పల్నాడు, గుంటూరు, ప్రకాశం ఊళ్ళలో ఫిబ్రవరి, మార్చి నెలలంటే మిరప కోతలు, కల్లాల మీద కాయల ఆరబోత. ఇంటర్ పరీక్షలు వచ్చేదీ అప్పుడే. 'అసలు పరీక్ష మేలో కదా' అని ఆడపిల్లలను కోతకు పంపే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ వారం రోజుల కూలి ఎంతో, పోయే మార్కుల విలువ ఎంతో ఇంటి పెద్దలు కూర్చొని లెక్క కట్టుకోవాలి.

ఇంకో చిన్న రక్షణ కూడా ఆ నిబంధనలలో ఉన్నది. అర్హతకు 25 శాతం, అంటే 160కి 40 మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఈ పరిమితి లేదు. సులభమైన విడతలో సరిగ్గా 40 తెచ్చుకున్న పిల్లవాడు సవరణ తరువాత అంతకన్నా కిందికి పోవచ్చు. పై ఉదాహరణ అంకెలతో లెక్కిస్తే 32.5 వస్తుంది. అలా సవరణ వల్ల మాత్రమే అర్హత పోయే పిల్లవానికి అర్హత మార్కును నిలబెడతారు. సూత్రం కట్టినవారు దాని పదును ఎవరికి తగులుతుందో కూడా ఆలోచించారన్న మాట.

అయితే ఈ సూత్రం సరిచేసేది ప్రశ్నపత్రాల కష్టాన్నే. పిల్లల బతుకుల కష్టాన్ని అది చూడదు. గుంటూరులో లక్షలు కట్టి, ఏసీ గదుల్లో రెండేళ్ళు ప్రవేశ పరీక్షకే తయారైన పిల్లవాడికీ, ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చదివి సాయంత్రం పశువులకు మేత వేసే పిల్లవాడికీ ఒకే గుంజలు. ఈ రెండవ రకం సవరణ కూడా మన ప్రాంతంలోనే ఒకచోట ఉన్నది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే మనం నూజివీడు, ఒంగోలు ట్రిపుల్ ఐటీలని పిలిచేవి, పదో తరగతి మార్కుల మీదనే ప్రవేశం ఇస్తుంది. వసతి లేని ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు వెనుకబాటు స్కోరు పేరుతో 4 శాతం కలుపుతుంది. పిల్లవాడు ఏ నేల మీద నిలబడి ఆ మార్కు అందుకున్నాడో చూసే లెక్క అది. పదో తరగతి పిల్లలున్న మన ఇళ్ళవారు ఈ సంగతి ముందే తెలుసుకొని ఉండడం మంచిది. ప్రైవేటు బడికి మార్చాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇది కూడా తూకంలో వేయవలసిన విషయం.

మా రైతు సోదరుని దగ్గరికి తిరిగి వస్తాను. రెండవ నాటి సాయంత్రం ఆయన కూతురిని వెంటబెట్టుకొని వచ్చారు. అమ్మాయి కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని తెచ్చింది. ప్రాథమిక కీ వచ్చినప్పుడు రెండు ప్రశ్నల మీద తనకు సందేహం కలిగిందని చెప్పింది. అభ్యంతరం తెలపడానికి గడువు ఉంటుందని తెలియక ఊరుకున్నదట. ఆ గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆధారంతో చెప్పిన అభ్యంతరాన్ని నిపుణులు పరిశీలించి తుది కీ ఇస్తారు. అడగవలసిన సమయంలో మౌనంగా ఉండి, అడగకూడని సమయంలో ఊరంతా అడిగాము. నా దృష్టిలో ఈ వ్యవహారంలో జరిగిన అసలు నష్టం ఇదే.

తరువాత మేము మార్కులు వదిలి ర్యాంకు పట్టుకున్నాము. సీటు ఇచ్చేది ర్యాంకు. ఈ ఏడాది 86కూ పోయిన ఏడాది 86కూ పోలిక లేదు. పోల్చదగినది ర్యాంకు మాత్రమే. కౌన్సెలింగ్ వెబ్‌సైటులో కిందటి సంవత్సరం ఏ కళాశాలలో, ఏ బ్రాంచిలో, ఏ వర్గంలో చివరి సీటు ఏ ర్యాంకు వద్ద ముగిసిందో పట్టిక ఉంటుంది. మా యువ ఉపాధ్యాయుడు ఫోనులో దానిని తెరిచాడు. వారిది షేక్ కుటుంబం, బీసీ-ఇ వర్గం. 2007 చట్టం ప్రకారం ఆ వర్గానికి 4 శాతం సీట్లు ఉన్నాయి. ఆ చట్టం వ్యవహారం కోర్టులో ఉన్నప్పటికీ, 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద అది అమలవుతున్నది. దూదేకుల, నూర్‌బాషా సోదరులు బీసీ-బి కిందికి వస్తారు, ఆ పట్టికలో వారు చూడవలసిన వరుస వేరు. వీటికి తోడు ఆడపిల్లలకు మూడింట ఒక వంతు సీట్లు. ఇవన్నీ వేసి చూస్తే గుంటూరు, బాపట్ల చుట్టుపక్కల ఆ అమ్మాయి కోరిన బ్రాంచి అందుబాటులో ఉన్న కళాశాలలు ఐదు తేలాయి. కన్వీనర్ కోటాలోనే.

కుల ధ్రువపత్రం ఉన్నదా అని అడిగాను. ఉన్నది. ఆదాయ ధ్రువపత్రం మాత్రం పాతబడింది. మరునాడు పొద్దున్నే కమీషన్ కొట్టుకు వెళ్ళవలసిన ఆయన సచివాలయానికి వెళ్ళారు.

మజ్‌బూరీ మస్‌అలాకు నేను జవాబు చెప్పవలసిన అవసరం కలగలేదు. వెళ్ళేటప్పుడు ఆయన గుమ్మం దగ్గర ఆగి, "వచ్చే ఏడు మా చిన్నవాడు రాస్తాడు హజ్రత్. వాడికి పొద్దుటి పేపరు పడాలని దుఆ చేయాలా, మధ్యాహ్నానిదా?" అని అడిగారు. నేను మాట వెతుక్కునేలోగా కూతురే అందుకున్నది. "ఏది పడితే ఏమిటి అబ్బా, ఇంటర్‌లో వాడికి ఆ 60 మార్కులు వచ్చేలా చేయమనండి" అన్నది.